తుడవనివ్వని సారు

మెరుపు సారుకు తుడవడమంటే ఒళ్లుమంట. బల్ల తుడిచినా కోపమే, కిటికీ తుడిచినా కోపమే. ఆఖరికి తన కళ్లజోడు కూడా తుడుచుకోడు. ఆ అద్దాల మీద ఊరందరి వేలిముద్రలూ దొరుకుతాయి.

పరిశోధనశాలలో అలాంటి మనిషి పనిచేసే లేజరు గదిని తుడిచే పనికి పెద్దమ్మను వేశారు. ఆమె తుడిచిన గచ్చులో మొహం చూసుకుని తల దువ్వుకునేవాళ్లున్నారు. మొదటి రోజే ఆయన అడ్డం నిలబడ్డాడు.

"తుడవకు పెద్దమ్మా."

"మరి నన్నెందుకు వేయించుకున్నారు బాబూ, మిమ్మల్ని చూస్తూ కూర్చోడానికా?"

"నేల నీది. నడుం ఎత్తుకు పైనున్నవేవీ ముట్టుకోకు."

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. ముప్పయ్యేళ్లుగా తుడుస్తున్న చేతికి నడుం దగ్గర గీత గీస్తాడా? సరే, ఆ గీత కింద ఒక్క చుక్క మురికి మిగిలితే అడగమనండి అనుకుంది.

ఒకనాడు సారు ఏదో ధ్యాసలో ఒక పలకను తలుపు పక్కనున్న పొట్టిపీట మీద పెట్టి వెళ్లాడు. పలక అద్దంలా మెరుస్తోంది, మధ్యలో మాత్రం కారునలుపు. పీట మోకాలెత్తు. అంటే పెద్దమ్మ సొత్తు. తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. సబ్బుపొడి వేసి రుద్దింది. నలుపు అక్కడక్కడా బూడిదరంగుకు తిరిగింది.

సారు వచ్చి చూసి పీట పక్కనే కూలబడ్డాడు.

"ఆరు నెలల పని పెద్దమ్మా."

"ఆరు నెలల మసి అనండి."

"మసి కాదు. సిలికాన్ స్ఫటికం. కనురెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కంతసేపు లేజరు తగులుతుంది. వేడి పక్కకు పాకేలోపే అయిపోతుంది. అలా తగలగా తగలగా పైపొరలో కంటికి ఆనని మొనలు లేస్తాయి. వాటి సందుల్లోకి వెళ్లిన వెలుతురు తిరిగి రాదు. అందుకే ఆ నలుపు. నువ్వు ఆ మొనలు విరగ్గొట్టావు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది పెద్దమ్మ. గొంతులో మాత్రం మునుపటి జోరు లేదు.

అంతలో పెద్దాఫీసరు ఊడిపడి పలకను చూశాడు. "ఎవరు తుడిచారో చెప్పండి. ఇవాళే ఇంటికి పంపించేస్తాను."

పెద్దమ్మ నోరు తెరిచేలోపే సారు లేచాడు. "నేనే."

"మీరా?"

"చేతిరుమాలుతో."

"మీకు చేతిరుమాలు కూడా ఉందా?"

సారు జేబులన్నీ తడిమాడు. లేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో పరపరా రుద్దాడు. ఉన్న జిడ్డు కాస్తా అద్దమంతా పరుచుకుంది. పెట్టుకుని, ఆఫీసరనుకుని బీరువా వైపు తిరిగి, "చూశారుగా, నాకు అలవాటే" అన్నాడు.

బీరువాకు ఇవతల నిలబడ్డ ఆఫీసరు ఆయన్నీ పెద్దమ్మనూ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

పెద్దమ్మకు ఒళ్లు మండింది. అబద్ధమాడినందుకు కాదు, అంత దరిద్రంగా తుడిచినందుకు.

"ఇటివ్వండి. తుడవడం కూడా చేతకాదు."

మెరుపు సారు కళ్లజోడు ఇచ్చేశాడు. పెద్దమ్మ పొడిగుడ్డ తీసి, అద్దాలు తళతళలాడేదాకా తుడిచి చేతిలో పెట్టింది. ఆయన పెట్టుకుని, గది నలుమూలలా చూసి తెల్లబోయాడు.

"పెద్దమ్మా, ఈ కిటికీ ఇంత మురికిగా ఉందా?"

"అది నడుం పైన ఉంది బాబూ" అంది పెద్దమ్మ చీపురందుకుంటూ. "నాది కాదు."