ఇరవై రాళ్లు, ఇరవై ఒక్క కిలోమీటర్లు

మా తాత పల్లకీలో ఎక్కిన కొండలను నేను లారీలో ఎక్కాను. కొండల కింద ఊళ్లలో ఒకప్పుడు శిస్తు వసూలు చేసిన ఇల్లు మాది. నా వంతుకు వచ్చేసరికి మిగిలినవి ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. తొంభైల్లో అరకులో లారీ డ్రైవరునయ్యాను. ముంచింగిపుట్టు సంతలో అల్లం, పసుపు, పిప్పళ్లు ఎత్తి విశాఖలో దించాలి. ఎవరినీ బతిమాలక్కర్లేని ఉద్యోగం కదా అనుకున్నాను.

మాకు కూలి కిలోమీటరు లెక్కన. అయితే అవి మీటరు చెప్పిన కిలోమీటర్లు కావు, రోడ్డు పక్క రాళ్లు చెప్పినవి. భర్త పోయాక మూడు లారీలనూ తానే నడిపిస్తున్న మా యజమానురాలు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని రాళ్లో అట్టమీద రాయించి ఆఫీసు గోడకు కొట్టించింది. సంతలో ముందుకూ వెనక్కూ తిప్పిన తిప్పుడు లెక్కలోకి రాదు. మిగతా డ్రైవర్లు దానికి గొణిగేవారు. నేను గొణగలేదు.

ఒక వానాకాలం ఘాట్‌రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. లారీలన్నీ పాడేరు మీదుగా పోవాలి. ఆ దారి అట్టమీద లేదు. దారి తెరిచేదాకా మీటరు చూసి రాయమంది ఆవిడ. రాశాను. అదే రోజు, అదే సంత నుంచి నా వెనకే వచ్చిన లారీ కన్నా నాది ఏడు కిలోమీటర్లు ఎక్కువ తేలింది.

ఆ లారీ డ్రైవరు నాకన్నా పెద్దవాడు. ఆఫీసు గుమ్మంలోనే అందుకున్నాడు.

"ఏటి బాబుగోరూ, నాకు పొట్టిగున్న రోడ్డు మీకు సాగిందేటి? మీటరు గాని తిప్పీసినారా?"

ఆ ఏడు కిలోమీటర్ల కూలి ఏపాటిది! కానీ అప్పులవాళ్ల చేత ఎన్ని మాటలు పడ్డా, మా ఇల్లు దొంగ అన్న మాట ఎన్నడూ పడలేదు. లారీ తాళంచెవి తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"నా మాట నమ్మనిచోట నేను బండి తోలను."

ఆవిడ తాళం నా వైపు తోసింది. "కోపం రేపు పడుదురు గాని. ఇప్పుడు తోలండి. నానూ వొత్తాను."

కొంగున ఇరవై చింతపిక్కలు ముడేసుకుని లారీ ఎక్కింది. డుంబ్రిగుడ వైపు బయలుదేరాం. ఒక్కో రాయి దాటగానే ఒక్కో పిక్క కిటికీలోంచి పారేసేది. ఒక రాయి పొదలో మునిగిపోతే బండి ఆపించి, దిగి, ఆకులు తప్పించి చూశాకే పిక్క పారేసింది.

చివరి పిక్క పడేసరికి మీటరు ఇరవై ఒక్క కిలోమీటర్లు తిరిగింది. మీటరు నిజంగానే ఎక్కువ చూపిస్తోంది. ఇక నేను తిప్పలేదంటే ఎవరు నమ్ముతారు?

ఆవిడ దిగి వెనక టైరు పక్కన నిలబడింది. దాని ఎత్తు జానలతో కొలిచింది.

"ఇవెప్పుడేసినారు?"

"వానలకు ముందు. మీరే పంపారు."

ఆవిడ నవ్వేసింది. "సవగ్గా వత్తన్నాయని మీ బండికి సైజు తక్కువవి కొన్నాను బాబూ. సిన్న సక్రం అంతే దూరానికి ఎక్కువసార్లు తిరగదేటి? తిరిగినన్నిసార్లూ మీటరు లెక్కెట్టేసింది. నాను కొన్న టైర్లకి మీరు మాట పడినారు."

నేనూ దిగి ఆ టైరు చూశాను.

"అయితే ఆ ఏడూ నావి కావు. కొట్టేయండి," అన్నాను.

"కొట్టేత్తాన్లెండి. బేగి తిప్పండి, వాన వచ్చీలాగుంది."

ఆ తరవాత మా లారీలకు టైర్లు మార్చినప్పుడల్లా ఇరవై రాళ్ల దాకా తోలి చూడడం ఆనవాయితీ అయింది. ఆ రోజు మేం తిరిగొచ్చేసరికి ఆఫీసు ఎదుట టీ బడ్డీ దగ్గర ఆ డ్రైవరే నాకోసం నిలబడి ఉన్నాడు. ఆవిడ దిగుతూనే అతనికి టైర్ల సంగతి చెప్పింది. నా టీ ఎప్పుడూ నా స్టీలు గ్లాసులో, నా లారీలోనే తాగేవాణ్ణి. అతనికది తెలుసు. అయినా బడ్డీ గ్లాసొకటి నా చేతికిచ్చాడు.

"తాగండి బాబుగోరూ. ఇదీ సైజు తక్కువే, రెండు తాగితే గాని ఒకటవ్వదు."

బల్ల మీద అతని పక్కన కూర్చుని రెండూ తాగాను.