పెద్దబాపుకు వినబడేలా

నా చిన్నప్పుడు, కంచన్‌బాగ్ దగ్గరి మా చర్చిలో ఒక పాత పియానో ఉండేది. దాని పెడల్ తొక్కి వదిలితే చాలు, తీగల మీద వాలి మోతను ఆపవలసిన ఉన్ని దిమ్మలే జుయ్యిమని గోల చేసేవి. ఆదివారం ఆరాధనలో మొదటిసారి నేను వాయించాలి. ఆ గోల పోకపోతే డోలకే నయమని పాటలు నేర్పే అక్క శనివారం తేల్చి చెప్పేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా నాయనకు అన్న, మా పెద్దబాపు, లోహాల కర్మాగారంలో ఫిట్టర్. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య పనిచేసి చెవులు దాదాపు పోగొట్టుకున్నాడు. అయినా ఆ సాయంత్రం పియానో ముందు పలక విప్పి కూర్చున్నాడు. "నాకు ఇనబడదు బిడ్డా. చేతులు నావి, చెవులు నీవి," అన్నాడు. గట్టిపడిన దిమ్మలను ఒక్కొక్కటే సూదితో పొడిచి మెత్తబరుస్తుంటే, నేను పియానో మెట్టు నొక్కి, పెడల్ తొక్కి వదిలి, గోల ఉందో పోయిందో తల ఊపి చెప్పేదాన్ని.

పొద్దు వాలింది. నడిమి మెట్టు ఒకటి ఎంతకీ లొంగలేదు, సన్నగా గొణుగుతూనే ఉంది. ఇంకాసేపైతే ఇక రేపటికి డోలకే అన్న భయంతో, పోయిందన్నట్టు తల ఊపేశాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, పలక బిగించేశాడు.

సైకిల్ కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని వస్తూ చాయ్ హోటల్ దగ్గర ఆగాడు. "అన్నా, పియానో సాఫ్ అయింది. మా బిడ్డ చెవులు మస్తు పక్కా!" అని హోటలాయనతో ఒకటే గొప్పలు. నేను ఆయన చొక్కా పట్టి లాగాను. "పెద్దబాపూ, ఒకటి పోలేదు," అన్నాను మెల్లగా. "ఏంది?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏంది బిడ్డా?" ఇక లాభం లేదని, "నేను అబద్ధం చెప్పిన! ఒకటి ఇంక మోగుతున్నది!" అని అరిచాను. హోటలంతా మా వైపు తిరిగింది.

తిడతాడనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టి, "నువ్వు చెప్తెనే కద నాకు తెల్సేది," అన్నాడు. అంతే, సైకిల్‌ను చర్చి వైపు తిప్పాడు.

మర్నాడు గోల లేని ఆ పియానో మీద నేను వాయిస్తుంటే, సరిగా ఒక్క స్వరమైనా వినబడని మనిషి ముందు వరుసలో కూర్చుని నా ముఖమే చూస్తూ మురిసిపోయాడు. అంత ప్రేమగా నన్ను మళ్లీ ఎవరూ వినలేదు.

నా గొంతు మరీ పెద్దదని ఇంట్లో ఇప్పటికీ వెక్కిరిస్తారు. తప్పు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు అది ఇంకా పెద్దదవుతుంది.