శివారు ఊళ్ల మ్యాపు ముందెక్కించిన మనిషి

గురువారం సాయంత్రం మన గ్రంథాలయంలో కంప్యూటరు గదికి తాళం వేసింది కమిటీ ప్రెసిడెంటు గారు. ఎవరు వేశారో తెలీదని రేపెవరూ అనకుండా ముందే రాస్తున్నాను. శుక్రవారం పొద్దున్న ఆ తాళం చూసి డ్రాఫ్ట్స్‌మన్ గారు వెనక్కి తిరిగి ఇంటికెళ్లారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగారు. వాళ్లావిడ గ్లాసుతో వచ్చేసరికి లేరు. డాక్టరు గారు గుండె అన్నారు. తాళమే చంపిందని నేననను. కానీ అంతకు గంట ముందు టీకొట్టు దగ్గర నాతో మాట్లాడిన మనిషి! "సాయంత్రం సీడీల్లోకి కాపీ చేద్దాం. చొక్కా మార్చుకుని రా, నీ చెమట వాసనకి మిషన్ ఆగిపోద్ది" అన్నారు. నవ్వాను కూడా.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో కాలువల పటాలు గీసి రిటైరయ్యారు. రాజమండ్రిలో పాత స్నేహితుడి దగ్గర్నుంచి డెల్టా మొత్తం మ్యాపు డేటాని సీడీల్లో తెచ్చారు. మనందరం చందాలేసుకుని కొన్న కంప్యూటర్లో హార్డ్‌డిస్కు నాలుగు జీబీ. అందులో సగం అప్పటికే నిండిపోయింది.

నేనప్పటికి చేతికందిన కరపత్రమల్లా చదివి, ఏదైనా మొత్తంగా జరగాలి, ముక్కలుగా చేస్తే రాజీపడ్డట్టే అని వాదించేవాణ్ణి. "డెల్టా అంతా ఒకేసారి ఎక్కించేద్దామండి" అన్నాను.

"ఆయ్, ఎక్కించు" అన్నారు.

రెండ్రోజులు నడిచి, డిస్కు నిండి ఆగిపోయింది. సీడీల్లో ఉన్నది కొంచెమే కదా అని నేను మిషన్ మీద చెయ్యెత్తాను.

"ఏవయ్యా, విప్లవం ఆగిందా?" అన్నారు. "బస్తాలో ధాన్యం ఓ మూల పడుంటుంది. ఆరబోస్తే కళ్ళం చాలదు. వెతుక్కోడానికి వీలుగా పరిస్తే డేటా కూడా అంతే. దాళ్వా పంటకి నీళ్లెలా వదుల్తారు?"

"వంతులవారీగా అండి."

"మరింకేం? కాలువకో వంతు. ఒకటెక్కించు, సరిచూడు, అక్కర్లేనిది తుడిచెయ్, ఆ తర్వాత ఇంకోటి."

నేను పై లాకుల దగ్గర్నుంచి మొదలుపెట్టబోయాను. నీళ్లొచ్చే దారి అదే కదా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పై ఊళ్ల పటం ఏ ఆఫీసు గోడ మీదైనా ఉంటుంది. మిషన్ మధ్యలో చచ్చిందనుకో, మళ్లీ చేసుకోవచ్చు. కాలువ చివర్నున్న శివారు వాళ్లదే ఎవడూ చెయ్యలేదు. కింద నుంచి రా." ఆ రోజు ఇంటికెళ్లి నా కరపత్రాల కట్ట తిరగేశాను. ఎందుకో సిగ్గేసింది.

డేటా ఎక్కుతున్నంతసేపూ ఆయన కంప్యూటర్ని 'ఆవిడ' అనేవారు. పేపరు చదవడానికొచ్చిన పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడితే "ఆవిడ పనిలో ఉన్నారండీ" అని గుమ్మం దాకా వచ్చి చెప్పేవారు. సీడీ రాసేటప్పుడు మౌసు తీసి ఒళ్లో పెట్టుకునేవారు. అంతకుముందు ఎవడో ఒకడు మిషన్లో పేకాట తెరిస్తే సీడీ కాస్తా పాడైపోయేది. పాడైన సీడీలన్నీ నారుమడి మీద తాడు కట్టి వేలాడదీశారు. పిట్టలు వాలడం మానేశాయట.

తెచ్చిన డేటాలో మన శివారు మురుగు కాలువ సగంలోనే ఆగిపోయింది. ఆయన పంచె ఎగ్గట్టి, టేపు పట్టుకుని, గట్టు గట్టూ నడిచి మిగతా సగం కొలిచారు. గీస్తే ఆ గీత ప్రెసిడెంటు గారి చేపల చెరువు మధ్యలోంచి పోయింది. ఏటా వానలకి శివారు చేలు ఎందుకు మునుగుతున్నాయో అప్పుడు కళ్లకి కనిపించింది. "కాపీలు అయ్యేదాకా నోరు మూసుకో" అన్నారు నాతో. నాలుగు ఊళ్లకి నాలుగు సీడీలు ఇచ్చాకే మాట్లాడాలని ఆయన లెక్క.

నేను మూసుకోలేదు. బుధవారం ప్రెసిడెంటు గారు గ్రంథాలయంలో పేపరు చదువుకుంటుంటే ఎదురుగా వెళ్లి, "మీ చెరువు మ్యాపులో పడిందండోయ్" అనేశాను. ఆయన లోపలికెళ్లి స్క్రీను చూశారు.

"డ్రాఫ్ట్స్‌మన్ గారూ, ఆ గీత అవసరమంటారా?"

"నేను పెట్టింది కాదండి. అక్కడుంది, గీశాను."

ప్రెసిడెంటు గారు వెళ్లాక డ్రాఫ్ట్స్‌మన్ గారు నన్ను తిడతారనుకున్నాను. కళ్లజోడు తుడుచుకుని, "అన్నం తిన్నావా?" అన్నారు. అంతే. మర్నాడే తాళం పడింది. వైరస్ ఉందట, సోమవారం భీమవరం నుంచి మనిషొచ్చి డిస్కంతా చెరిపేస్తాడట. ఆ గీత గీశాక ఒక్క సీడీ కూడా రాయలేదు, అది ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. ఇంకెక్కడా లేదు. తాళం వేసిన చెయ్యి ప్రెసిడెంటు గారిదైతే వేయించిన నోరు నాది. ఇది కూడా రాయకపోతే డ్రాఫ్ట్స్‌మన్ గారికి అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

ఇవాళ కిటికీ రెక్క సందులోంచి చూశాను. మానిటరు మీద దుమ్ము పడకుండా ఆయన కప్పిన గళ్ల తువ్వాలు, నాలుగు కొసలూ సమంగా సర్ది, అలాగే ఉంది.

తాళం తియ్యమని అందరం కలిసి అడుగుదాం. కాపీ చెయ్యడానికి ఒక్క పూట చాలు. ఖాళీ సీడీ ఉన్నవాళ్లు తెండి, లేనివాళ్లు ఉత్తచేతుల్తోనే రండి. రేపు, ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలకి, గ్రంథాలయం మెట్ల దగ్గర.