అత్త పెట్టిన ట్యాగులు

రెండు వారాల కిందట సోమారం మద్దేనం ప్లాంటు గేటు కాడ ఎవులికీ క్యారేజీ రానేదు. నాకు ఫోన్ల మీద ఫోన్లు. "ఆటో పాడైందేటి బావా?" అని ఒకడు, "మళ్ళీ ఏటైనా ఆట పట్టిత్తన్నావా?" అని ఇంకోడు. నిజం సెప్తే ఒక్కడూ నమ్మనేదు. నా పేరు అలాటిది మరి. మా పక్కింటి అత్త పొద్దున్నే పోయింది. గుండె జబ్బు.

అత్తంటే సుట్టం కాదు. గాజువాకలో మా రెండిళ్ళకీ ఒకటే గోడ. ఆవిడ వొండేది, నాను ఆటోలో పట్టుకెల్లి షిఫ్టోళ్ళకి అందించీవోడ్ని. నా తిండీ అక్కడే. మా ఇద్దరి సదువులూ కలిపినా పదో తరగతి అవ్వదు.

ఆవిడ లెక్కంతా ఫోన్లో నోట్సు యాపులోనే. తినీ మడిసికో నోటు, దాని కింద ట్యాగులు. యాపుతో పాటొచ్చిన 'వర్క్', 'పర్సనల్' ట్యాగుల్ని మొదటిరోజే పీకీసింది. "ఇయి ఎవుడి కడుపుకి పనికొత్తాయిరా?" అంది. సొంతంగా పెట్టుకుంది: సుగరు, శనారం నీసొద్దు, పళ్ళు నేవు. 'పళ్ళు నేవు' నొక్కితే సాలు, మెత్తగా ఉడికించాల్సినోళ్ళంతా వొరసగా వొచ్చి నిలబడీవోరు.

ఓపాలి ఆవిడ పోపు దగ్గరుంటే ఫోన్ తీసి 'అందగాడు' అని కొత్త ట్యాగు సేసి, అందులో నన్నొక్కడ్నే పెట్టీసేను. సాయంత్రానికి అది నేదు.

"ఏటత్తా, నా ట్యాగేదీ?"

"ఎవులూ నొక్కని ట్యాగు ఎందుకని తీసీసేను. నువ్వు 'వాగుడు'లో ఉన్నావు, సూసుకో."

"వాగుడుకి ఏటి వొండుతావు?"

"కారం ఎక్కువేత్తాను. నోరు మండితే రెండు నిమిషాలైనా ఊరుకుంటావని."

నిజంగానే ఏసేది. మంటెత్తిపోతన్నా మళ్ళీ పెట్టించుకునీవోడ్ని.

తరవాత గుండెకి మందులు మొదలయ్యాయి. పొయ్యి దగ్గరికి ఎల్లొద్దన్నాడు డాక్టరు. ఆవిడ కోడలు గరిటె పట్టింది. తంటా అక్కడొచ్చింది. అత్త ఏ రోజు ఏ మాట తోస్తే అదే పెట్టీసేది. ఒకడికి 'ఉప్పు తక్కువ', ఇంకోడికి 'బీపీ', మరోడికి 'సప్పిడి'. మూడూ ఒకటేనని ఆవిడకి తెలుసు, కోడలికి తెలీదు. కోడలు 'ఉప్పు తక్కువ' నొక్కి, వొచ్చినోళ్ళకే సప్పగా వొండింది. 'సప్పిడి'లో ఉన్న క్రేను ఆపరేటరుకి అందరి ఉప్పే పడింది, ఒక్క ముద్ద తిని క్యారేజీ తిప్పి పంపీసేడు. రేపట్నుంచి వొద్దన్నాడు.

కోడలు ఏడ్సింది. "నావల్ల కాదన్నయ్యా, మూసీద్దాం."

మంచం మీంచి అత్త గట్టిగా అంది. "మూసీడమేటే? తప్పు నీది కాదు. ఒకే జబ్బుకి మూడు పేర్లు పెట్టింది నాను. ఏదీ, ఆ ఫోనిలా తే."

ఆ రోజునుంచీ ఆవిడకి అదే పని. మూడు ట్యాగుల్నీ ఒక్క 'ఉప్పు తక్కువ'లో కలిపీసింది. తనకి తప్ప ఎవులికీ అర్దం కాని పేర్లన్నీ మార్సింది.

"నా బుర్రలో ఉన్నది నాతో వొచ్చీకూడదురా. ఇందులో పెట్టీసి ఎల్తాను."

"ఎక్కడికెల్తావత్తా?"

"నీ నోరు ఇనబడని కాడికి."

'మీ మాఁవలాగ' అని ఒక ట్యాగుండేది. పోయిన మాఁవయ్యకి పులుపంటే ప్రాణం, అలాటోళ్ళంతా అందులో ఉండీవోరు. దాని మీద ఆవిడ ఏలు ఆగింది. తరవాత అది సెరిపి 'పులుపు ఎక్కువ' అని రాసింది. నాను మొకం పక్కకి తిప్పుకున్నాను. "కోడలు ఆయన్ని సూడనేదు కదరా," అంది నిమ్మళంగా. "ఆయన నాకు గుర్తుంటాడు. దానికి పులుపు గుర్తుంటే సాలు."

క్రేను ఆపరేటరుకి తనే ఫోన్ సేసి మళ్ళీ రప్పించింది. ఆ మద్దేనం ఆయన క్యారేజీ కాళీగా వొచ్చింది. అత్త మూత తీసి సూసి, కోడలి సేతికిచ్చింది.

దినం అయిన మర్నాడు పొయ్యి ఎలిగింది. నాను ఎల్లీసరికి కోడలు ఫోన్ సూసుకుంటా గిన్నెలు సర్దుతంది. తెరమీద ఒక కొత్త ట్యాగు. అత్త పెట్టింది కాదు. 'ముద్ద దిగట్నేదు'. నొక్కితే రెండే పేర్లు, నాదీ కోడలిదీ.

"నానెప్పుడు సెప్పేనమ్మా నీకు?"

"సెప్పాలేటన్నయ్యా? నిన్న దినం బోజనాల్లో నీ ఇస్తరి తీసింది నానే కదా."

గట్టు మీద రెండు సిన్న గిన్నెలు ఇడిగా ఉన్నాయి. మెత్తటి అన్నంలో పల్సటి సారు. మూతలు ఇంకా పెట్టనేదు, ఆవిరి లేత్తంది.