కింది కన్నుకు పెట్టిన బొట్టు

మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం, ట్రంకుపెట్టెలో బట్టలకు ఎండ చూపిద్దామని అన్నీ బయటికి తీస్తుంటే, అడుగున పాత చీర మడతల్లోంచి తోలు సంచి వాసన గుప్పుమంది. కొత్త చెప్పుల వాసన కాదది. ఏళ్లకేళ్లు చీకట్లో ఉండి కొంచెం పసుపునూ కొంచెం డీజిలునూ కలుపుకున్న వాసన. నా నాలుగేళ్ల బిడ్డ పరుగెత్తుకొచ్చి పక్కన చతికిలబడింది. సంచిలో ఉన్నది మా నాయన కెమెరా. నల్లటి డబ్బా, ముందువైపు ఒకదాని మీద ఒకటిగా రెండు గాజు కళ్లు.

మేమప్పుడు సూర్యాపేటలో బస్సులు ఆగేచోటికి దగ్గరగా పెంకుటింట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాయన బస్సు నడిపేవాడు. ఆయన ఇంటికొస్తే ముందు డీజిలు వాసన, ఆ వెనక దుమ్ము, చివరికి మనిషి వచ్చేవాడు. తువ్వాలలో నాకోసం కోదాడ జామపండ్లు ఉండేవి. వాడేసిన టికెట్లు ఏరుకొచ్చి గడప మీద కూర్చుని కండక్టరాట ఆడుకోవడం, చింతగింజలతో అష్టాచెమ్మా, బతుకమ్మ పండుగొస్తే తెల్లారకముందే తంగేడుపూలకు చెలకల్లోకి పరుగు, మంచుకు తడిసిన గునుగుపూలు కాళ్లకు తగిలి చక్కిలిగింతలు పెట్టడం, ఇదీ నా లోకం. అమ్మ రోట్లో నువ్వులు, బెల్లం దంచుతుంటే ఇల్లంతా కమ్మటి వాసన లేచేది. దంచుతూ దంచుతూ దగ్గు వచ్చేది ఆమెకు. రోకలిని పట్టుకుని నిలబడి, దగ్గు పోయేదాకా ఆగి, నన్ను చూసి నవ్వి మళ్లీ దంచేది.

దవాఖానలో అమ్మను చూసిన డాక్టరు నాయనను పక్కకు పిలిచి మాట్లాడిన రోజు నుంచి నాయన మాట తగ్గింది. నాయన పాలు తాగే వయసులోనే వాళ్లమ్మ పోయింది. పెద్దయ్యాక చిన్నమ్మల ముఖాల్లోకి, పెండ్లిండ్లలో ముసలమ్మల ముఖాల్లోకి తేరిపార చూసేవాడట, వాళ్లమ్మ పోలిక ఎక్కడన్నా దొరుకుతుందేమోనని. ఓ రాత్రి నేను నిద్రపోయాననుకుని అమ్మతో అన్నాడు.

"మా అమ్మ ముఖం నాకు యాదికి లేదు. ఈ పిల్లకు గట్ల కావద్దు."

అమ్మ నా మీద దుప్పటి సర్దింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలు జరుగుతున్న ఆ గడబిడ రోజుల్లో కోదాడలో ఫొటోలు తీసే ఒకాయన దుకాణం ఎత్తేసి కృష్ణ అవతల వాళ్లూరికి వెళ్లిపోతూ సామానంతా అమ్ముతున్నాడు. ఆయన వాడిన కెమెరా అది. పై మూత వదులై, పట్టీ తెగి ఉంది కాబట్టి మాలాంటి వాళ్లకు అందింది. నన్ను ఇంజను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు నాయన. కోదాడలో బస్సు ఆగిన కాసేపట్లోనే దుకాణానికి ఉరికి, ఒక్కోసారి ఒక్కో సంగతి నేర్చుకుని వచ్చేవాడు.

"ఇదిగో డ్రైవరుగారూ, మూత తెరిచి పైనుంచి లోపలికి చూడండి. మనిషి కనిపిస్తున్నాడా? ఇక ఇది నొక్కడమే," అంటున్నాడు ఆయన. బస్సులోంచి కేకలు.

"ఏం డ్రైవరన్నా, బండి నడుపుతవా, బొమ్మలు తీస్తవా?"

"నీ బొమ్మ తీస్తే డబ్బా పలుగుతది, కూసో," అని తిరిగి కేకేశాడు నాయన. బస్సంతా నవ్వింది. ఆ తొందరలో, కింది కన్ను ఎందుకుందో ఆయన చెప్పనూ లేదు, నాయన అడగనూ లేదు. లోపల ఒక్క రీలు ఎక్కించి ఇచ్చాడు. మళ్లీ రీలు దొరకడం కష్టమనీ, జాగ్రత్తగా వాడుకోమనీ మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఇంటికొచ్చి బల్ల మీద పెడితే అమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏందయ్యా, నన్ను సూడనీకి నీ రెండు కండ్లు సాల్తలేవా, ఇంకో రెండు కొనుక్కొచ్చినవ్?"

"సాల్తలేవు," అన్నాడు నాయన.

వేళాకోళానికి అన్న మాటకు ఆయన అట్లా నిజం చెప్పేసరికి అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. దగ్గు వచ్చిందనుకున్నాను నేను.

దసరా నాడు మా ఇంట్లో ఇనుప సామాను అంతా తలంటు పోసుకున్నట్టే ఉండేది. పానాలు, కొడవలి, కత్తెర, బస్సు తాళంచెవి అన్నీ కడిగి పీట మీద పెట్టి, తడి పసుపు మీద కుంకుమ అద్దేది అమ్మ. ఆ తర్వాత బస్సు దగ్గరికి వెళ్లి, ముందున్న రెండు లైట్ల అద్దాలకు కూడా బొట్లు పెట్టేది. ఆ బొట్లు ఎవరూ తుడవరు. వానకో గాలికో వాటంతటవి రాలిపోవాలి. ఆ యేడు పీట మీద కెమెరా కూడా చేరింది. నాయన పైనుంచి చూస్తాడు కాబట్టి పైది చూసే కన్ను అనుకుని అమ్మ దాన్ని వదిలేసి, కింది కన్ను మీద దట్టంగా పసుపు అద్ది, నడుమ కుంకుమ పెట్టింది.

నాయన వచ్చి చూసి ఒక్క క్షణం ఆగాడు. మూత తెరిచి లోపలికి చూశాడు. అంతా స్పష్టంగానే ఉంది.

"బొట్టు పెడితే ఏమన్న అయితదా?" అంది అమ్మ భయంగా.

"బస్సు లైటుకు పెడితే దారి కనవడ్తలేదా? ఏం గాదు. నువ్వు నిలవడు."

అమ్మ గడప ముందర నిలబడింది. మామిడాకు పచ్చచీర, తలలో బంతిపూలు. నేను నాయన చంకకింద దూరి కెమెరాలోకి చూశాను. అరచేయంత అద్దంలో, వెలుగులో తేలుతున్నట్టు, అమ్మ.

"నాయినా, అమ్మ ముక్కుపుడక అటు పోయింది."

"అది అద్దం బిడ్డా, కుడి ఎడమైతది."

అమ్మ నవ్వింది. రీలు అయిపోయేదాకా తీస్తూనే ఉన్నాడు, నిలబడితే, కూర్చుంటే, నన్ను దగ్గరికి తీసుకుంటే. చివరికి ఆమే, "ఇగ సాలు, నీడకు పోదాం," అంది.

కోదాడ ఆయన అప్పటికే వెళ్లిపోయాడు. రీలు కడిగించాలంటే మిర్యాలగూడ పోవాలి. నాయన బస్సు ఆ దారిలో పడేదాకా రీలు బియ్యపు డబ్బాలో ఉంది. బియ్యంలో ఉంటే చెమ్మ తగలదని అమ్మ దాచింది. దీపావళికి అమ్మ లేదు.

ఆ తర్వాత నాయన నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ తీసుకెళ్లాడు. ఫొటోలు కడిగే అతను కవరు ఇస్తూ నాయన ముఖంలోకి చూడలేదు.

"అంచులొచ్చినయ్ అన్నా. నడుమ అంత నల్లగనే ఉంది. కింది అద్దం మీద ఏమన్న ఉండెనా? బొమ్మ పడేది దాంట్లకెల్లే."

అన్నీ అంతే. ఒకదాంట్లో గడప మూల, దాని పక్కన మసకగా చీరంచు. ఒకదాంట్లో మామిడాకుల తోరణం కొస. ఇంకోదాంట్లో నా పాదం. ముఖం ఉండాల్సిన చోట ప్రతిదాంట్లోనూ చీకటి. నాయన అక్కడే బెంచీ మీద కూర్చుని వెంట తెచ్చిన కెమెరా సంచి గుండీ తీశాడు. బొట్టు ఎండి బీటలువారి అట్లాగే ఉంది. జేబులోంచి రుమాలు తీసి అద్దం దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. ఎండిన పసుపులో అమ్మ వేలి గీతలు సన్నగా, వరుసగా కనిపిస్తున్నాయి. రుమాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ కెమెరాతో మళ్లీ ఫొటో తీయలేదు. తీయాలంటే తుడవాలి.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, అక్కడ బియ్యం గోదాము కట్టారు. కోదాడ దుకాణం ఎక్కడుండేదో నాకు ఆనవాలు దొరకదు. కిందటేడు నాయన కూడా పోయాడు. పసుపు సగం రాలింది గానీ, అంచున రెండు మూడు గీతలు ఇంకా ఉన్నాయి. మొన్న నా బిడ్డ గౌను కొసతో ఆ అద్దం తుడవబోతే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బెదిరిపోయింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, మీ అమ్మమ్మ పెట్టిన బొట్టే అది అని ఈ కథంతా చెప్పాను.

అంతా విని అది నా ముక్కుపుడకను వేలితో ముట్టుకుంది.

"అమ్మమ్మకు గూడ గిదే దిక్కు ఉండెనా?"

కళ్లు మూసుకుంటే అమ్మ నవ్వుతూ కనిపిస్తుంది, ముక్కుపుడక మెరుస్తుంది. కానీ నాకు గుర్తున్న ముఖం గడప ముందర నేను కళ్లారా చూసిందో, ఆ అద్దంలో చూసిందో తెలియదు. ఏ దిక్కో చెప్పడానికి నాయన కూడా లేడు.