కిటికీకి గోనెపట్టా

గోదావరిఖనిలో మా వర్క్‌షాపు మొత్తానికి సొంత కారున్న ఫిట్టర్ని నేనొక్కణ్ణే. ఆ గౌరవం ఏడాదికి పైగా అనుభవించాను. సగం రోజులు కారు నన్ను మోసింది, మిగతా సగం నేను దాన్ని తోశాను.

నల్లటి విలాయతి కారు. దొరల కాలం నాటిది. దాన్ని నాకు అమ్మింది మా కాలనీలోనే ఉండే ఒక పింఛను పెద్దమనిషి. చుట్టరికమేమీ లేదు, కాలనీ అంతటికీ కాక కాబట్టి నాకూ కాక. గనిలోకి మనుషుల్ని దించే పంజరాన్ని పైనుంచి నడిపే ఇంజను దగ్గర ఆయన ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. గంట ఎన్నిసార్లు మోగితే దించాలో, ఎన్నిసార్లు మోగితే ఆపాలో విని చెయ్యడమే ఆయన నౌకరి. ఒక్క గంట తప్పు వింటే కింద మనుషులుండరు. పింఛను తీసుకున్నాక కళ్లు మసకబారాయి గానీ, ఆ చెవులు మాత్రం డ్యూటీ దిగలేదు. కళ్ల వల్లనే కారు అమ్మాడు.

అమ్మేటప్పుడు ఒక్కటే అడిగాడు.

"మళ్ల అమ్మాలనుకున్ననాడు ముందుగాల నాకు చెప్పాలె. పిలగాని నౌకరి పర్మినెంటు అయినంక నేనే తీసుకుంట."

కొడుకు అప్పటికి గనిలో బదిలీ పనివాడు. ఎవరైనా డ్యూటీకి రాకపోతేనే అతనికి పని.

"దీన్ని కొనాలంటె నా అసొంటి పిచ్చోడు ఇంకొకడు దొరకాలె గద కాకా," అన్నాను.

"మాట అడిగిన. నవ్వుమనలే."

బానెట్ మీద చెయ్యి పెట్టి మాటిచ్చాను. చిన్నమ్మ, అంటే కాక భార్య, కారు ముందు నిలబడి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన నడిచినంతసేపు కూడా కారు ఏనాడూ ఆగకుండా నడవలేదు.

చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఆదివారం పొద్దున వాళ్లిద్దరినీ చర్చికి తీసుకుపోవడం నాకు అలవాటైంది. ముందు గదిలో కొడుకు పడుకుంటాడు కాబట్టి నేనెప్పుడూ పెరటి తలుపు నుంచే వెళ్లేవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత నాకు వ్యతిరేకంగా పనికొస్తుంది.

ఒక ఎండాకాలం బసంత్‌నగర్ నుంచి లారీల ఆసామి ఒకాయన మా వర్క్‌షాపుకు వచ్చాడు. గేటు దగ్గర కారు చూసి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అప్పటికప్పుడు ఇస్తే తీసుకుంటానన్నాడు. రేపంటే వద్దన్నాడు. ఆ వారంలో నేను కారును మూడుసార్లు తోసి ఉన్నాను. పైగా ఆయన చెప్పిన ధర వింటే నా కారు మీద నాకే గౌరవం పెరిగింది. ఒకాయన్ని అడిగి వస్తానన్నాను.

"కారు నీదా, ఆయినదా?"

"నాదే."

"మరి అడుగుడేంది?"

అయినా వెళ్లాను. దానికి నేను ఇప్పటికీ గర్వపడుతుంటాను, వేరే ఆధారం లేక. కారును వాళ్ల ఇళ్ల లైను మూల మీద ఆపి నడిచాను. కాక ఇంటి ముందు కిటికీకి గోనెపట్టా వేలాడుతోంది. మా దగ్గర దానికి ఒకటే అర్థం: రాత్రి షిఫ్టు చేసిన మనిషి లోపల నిద్రపోతున్నాడు. పట్టా ఉన్న తలుపు ఎవరూ కొట్టరు. కూరగాయలమ్మే అవ్వ కూడా ఆ ఇంటి ముందు కేక మింగేసి, పక్కింటి దగ్గర రెండింతలు వేస్తుంది.

నిలబడ్డాను. ఇంటి వెనక నుంచి దగ్గు వినిపించింది. కాక దగ్గే. కాసేపాగి మళ్లీ వినిపించింది. పెరటి తలుపు పది అడుగుల దూరం. వెళ్లి చెబితే ఏమంటాడో నాకు తెలుసు: కొడుకు పర్మినెంటు అయ్యేదాకా రెండు నెలలు ఆగు అంటాడు. లారీల ఆసామి రెండు గంటలు కూడా ఆగడు. వచ్చాను, పట్టా ఉంది, తలుపు కొట్టలేదు. ఏ పంచాయతీలోనైనా నిలబడే వాదన. మునివేళ్ల మీద నడిచి వెనక్కి వచ్చాను. చూసినవాళ్లెవరైనా నిద్రపోయేవాడి మీద నాకెంత ప్రేమో అనుకుని ఉంటారు.

సాయంత్రానికి కారు బసంత్‌నగర్ వెళ్లిపోయింది.

ఆదివారం రిక్షా మాట్లాడుకుని వెళ్లి, కారు అమ్మిన సంగతి చెప్పాను. తర్వాత నా వాదన వినిపించాను.

"చెప్దామనే వచ్చిన కాకా. పట్టా ఉండె. లేపలే."

"మంచి పని చేసినవు బిడ్డా," అంది చిన్నమ్మ. "పిలగాడు ఆ రోజే రెండు షిఫ్టులు చేసొచ్చి పండిండు."

తిట్టి ఉంటే ఏదో ఒక జోకు వేసి బయటపడేవాణ్ణి. మెచ్చుకుంటే ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు.

కాక లోపలికి వెళ్లి ఒక తాళంచెవి తెచ్చాడు. కారు రెండో తాళంచెవి. "ఇది ఆయినకు ముట్టజెప్పు. మళ్ల నా దగ్గరికే వస్తదని ఉంచుకున్న. ఇగ ఉంచుకునుడు తప్పు."

బస్సెక్కి బసంత్‌నగర్ పోయాను. కారు వెనక సగం కోసేసి, చెక్కలు బిగించి, లారీ టైర్లు మోసే బండి చేశారు. నల్లటి ముందు భాగం మాత్రం ఇంకా చర్చికి పోతున్నట్టే ఉంది. డ్రైవరు రెండు తీగలు కలిపి స్టార్ట్ చేసి చూపించాడు. తాళమే పీకేశాక తాళంచెవి ఎందుకన్నాడు. ఒక్కసారికే స్టార్టయింది. నా దగ్గర ఏనాడూ కాలేదు.

ఆ మరుసటి నెలలోనే కాక కొడుక్కి పర్మినెంటు కాగితం వచ్చింది. చిన్నమ్మ మా గదికి లడ్డూలు పంపింది. తప్పు చేసినవాడికి తిండి సహించదంటారు. నేను నాలుగూ తిన్నాను. తిన్నాక కూర్చోలేకపోయాను. తాళంచెవి జేబులో వేసుకుని పెరటి తలుపు నుంచి వెళ్లాను.

కాక నులకమంచం మీద ఒక్కడే ఉన్నాడు. కారు ఏమైందో చెప్పాను. తర్వాత అసలుది చెప్పాను.

"కాకా, ఆ రోజు నువ్వు మెలకువతోనే ఉన్నవని నాకెరుక. నీ దగ్గు విన్న."



"వినాలనే దగ్గిన," అన్నాడు కాక. "బండి మూల మీద ఆగింది. నువ్వే అనుకున్న. పిలగాడు లేస్తడని పిలవలే, దగ్గిన. రాలే. ఇనలేదేమోనని మళ్ల దగ్గిన. అంతల ఇంజను చప్పుడు వినొచ్చింది."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉండింది. ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. తాళంచెవి మంచం మీద పెట్టాను. ఆయన తడిమి చూసి, తీసి నా చేతిలోనే పెట్టాడు.

"నా దగ్గరెందుకు," అన్నాడు. "నీ దగ్గరనే ఉండనియ్యి."

మూడేళ్లయింది. ఉంది.