ఒంగోలులో చెప్పని మాట

జానకిరామయ్య డ్రిల్లు మాస్టారు అవుతానన్నప్పుడు వాళ్ల నాన్న మూడు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. తుళ్లూరులో నాలుగు తరాలుగా పౌరోహిత్యం చేసుకునే ఇల్లది. మంత్రం చదవాల్సిన నోట్లో ఈల పెట్టుకుని ఎండలో నిలబడతానంటే ఏ తండ్రికి మాత్రం ఒళ్లు మండదు చెప్పండి? మండింది. అయినా కొడుకు వినలేదు.

వినకపోవడానికి అతని బాధ అతనికుంది. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు యూనివర్సిటీ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఉండేవాడు. ఉండేవాడంటే ఉండేవాడు, అంతే. ఐదుగురు ఆడే ఆటలో మనవాడు ఏడోవాడు. రెండేళ్లు జట్టు సంచి మోశాడు, పసుపు ఉన్ని బంతులు ఏరి డబ్బాలో వేశాడు, ఒక్కసారి కూడా కోర్టులో కాలు పెట్టకుండా ఇంటికొచ్చాడు. తన చేతి కింద తయారైనవాడు ఒక్కడంటే ఒక్కడు రాష్ట్ర జట్టుకు ఆడాలి, అది కళ్లారా చూడాలి. ఆ ఒక్క కోరికతోనే ఉద్యోగంలో చేరాడు.

1980లో పర్చూరు అవతల ఈదులగుంట జూనియర్ కాలేజీలో వేశారు. గ్రౌండంటే నల్లరేగడి చేను. ఎండాకాలం అరికాలు దిగేంత బీటలు, వానాకాలం చెప్పు వదలని జిగురు. ఆ నేల మీద బంతి కాదు కదా, మనిషే సరిగ్గా నిలబడలేడు. జానకిరామయ్య పోయి రైతు వెంకయ్యను కలిశాడు. కాలేజీకి స్థలం ఇచ్చిన పెద్దమనిషి ఆయన. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే.

"ఏందయ్యా పంతులూ, బంతాటకి ఎర్రమట్టి కావాలా? బళ్లు కడతాలే, తోలుకో" అన్నాడు. అన్నట్టే నలభై బళ్ల గరువు మట్టి తోలించాడు. నెట్టు కట్టడానికి రెండు తాటిమొద్దులు కూడా పాతించాడు.

ఆ మట్టిని పిల్లలతో కలిసి పరిచి, నీళ్లు చల్లి, దిమ్మిసతో నెల రోజులు కొట్టాడు జానకిరామయ్య. చేతులు బొబ్బలెక్కాయి. పైన పేడతో అలికించాడు. కోర్టు అద్దంలా తయారైంది. బాగా చేస్తే మంచి జరుగుతుందని మనందరికీ ఒక నమ్మకం ఉంటుంది కదా. ఆ నేల మరీ బాగా కుదరడమే అతని కొంప ముంచింది.

ఆరేళ్లు గడిచాయి. ఏటా ఐదుగుర్ని తయారుచేయడం, జిల్లా పోటీల్లో ఓడిపోవడం, పిల్లలు పరీక్షలు రాసి పొలాలకు పోవడం. భార్య సీతారత్నం "ఆ పిల్లల మీద పెట్టిన ప్రాణంలో పావలా వంతు ఇంటి మీద పెట్టండి" అని సణిగేది. అప్పుడొచ్చాడు మాబు.

మాబు మస్తాన్‌బీ కొడుకు. తండ్రి లేడు. తల్లి మిరప కోతలకు కూలికెళ్లి చదివిస్తోంది. కుర్రాడిది ఎడమ చెయ్యి వాటం. బంతి నెట్టు దాటేలోపే అది ఎక్కడ పడుతుందో వాడికి తెలిసిపోయేది. మొదటి రోజు వాడి ఆట చూసి జానకిరామయ్య ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. "దొరికాడే" అన్నాడు సీతారత్నంతో, అంతే. రాష్ట్ర జట్టు సర్టిఫికెట్ చేతిలో పడితే రైల్వేలో ఏదో ఒక ఉద్యోగం వస్తుంది. తల్లి కూలికి పోయే పని తప్పుతుంది. ఇంటర్ దాటితే మాబుకి మళ్లీ అవకాశం లేదు. ఉన్నది ఒక్కటే సెలక్షను, 1987 ఫిబ్రవరిలో, ఒంగోలులో, రెండు రోజులు.

సెలక్షనుకి పది రోజుల ముందు అకాలవర్షం పడింది. వెంకయ్య మిరప కళ్లం బురదైపోయింది. కోసిన కాయ రాశిగా పడి ఉంది. ఇంకొక్క రోజు ఆరకపోతే రంగు మారి తాలు కింద సగం ధరకి పోతుంది. ఊళ్లో ఆరిన నేల ఒక్కటే, జానకిరామయ్య కోర్టు.

"పంతులూ, నీ నేల ఇవ్వు. మూడు రోజులు. నా ఏడాది కష్టమయ్యా అది" అన్నాడు వెంకయ్య.

ఎలా కాదంటాడు? ఆ మట్టి ఆయన తోలించిందే. ప్రిన్సిపాలుకి చెప్పకుండా కాలేజీ గ్రౌండు ఇవ్వకూడదని తెలుసు. తెలిసీ తలూపాడు, ప్రిన్సిపాలు ఆ వారం ఊళ్లో లేడు గనక. బుధవారం కూలీలొచ్చి కోర్టు నిండా కాయ పరిచారు, వాళ్లలో మస్తాన్‌బీ కూడా ఉంది. శనివారం సాయంత్రానికి ఎత్తేశారు. వెంకయ్య మాట తప్పలేదు.

ఇక మిగిలింది ఆదివారం ఒక్కరోజు. సోమవారం బస్సెక్కాలి. కాయ ఎత్తిన నేలని కడిగి, మళ్లీ అలకాలి. కడిగితే ఆరడానికి రెండు రోజులు, ప్రాక్టీసు పోతుంది. పైగా తడిస్తే నేల మెత్తబడుతుంది. కన్నబిడ్డలా చూసుకున్న నేల. జానకిరామయ్యకు మనసొప్పలేదు. తువ్వాలు మూతికి కట్టుకుని, చీపురు పట్టుకుని, తుమ్ముకుంటూ కోర్టంతా తనే ఊడ్చాడు.

"సార్, ఇవాళ వద్దులెండి. ఘాటు దిగలేదు. కాయ ఎత్తిన కళ్లం కడగందే మా అమ్మ నన్ను అడుగు కూడా పెట్టనీదు" అన్నాడు మాబు.

"ఊడ్చాను కదరా. ఏం కాదు, రా."

ఆ ఉన్ని బంతి సంగతి కోచ్‌కి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? దొర్లిన చోటల్లా దుమ్ము పీల్చుకుంటుంది. గంటసేపు మిరప నేల మీద దొర్లిన బంతిని అవతలివాడు బలంగా కొట్టాడు. నెట్టు దగ్గరున్న మాబు ముఖానికి తగిలింది. కుర్రాడు అరవలేదు. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. జానకిరామయ్య పరుగెత్తుకెళ్లి భుజం మీది తువ్వాలు తీసి వాడి కళ్లు గట్టిగా తుడిచాడు. పొద్దున్న మూతికి కట్టుకుని కోర్టు ఊడ్చిన తువ్వాలే అది. ఆ సంగతి ఇంటికెళ్లాకగానీ అతనికి తట్టలేదు.

మంగళవారం ఒంగోలులో నిలబడేసరికి మాబు కళ్లు రెండూ వాచి, ఎర్రగా నీళ్లు కారుతున్నాయి. పేర్లు పిలిచే సెలక్టరు వాడి ముఖం చూసి ఆగాడు.

"ఏమైంది నీకు?"

మాబు ఒకసారి మాస్టారి వైపు చూశాడు. కాలేజీ గ్రౌండు మిరపకాయలకిచ్చారని తెలిస్తే సార్ ఉద్యోగానికి ముప్పని కాలేజీలో పిల్లలందరూ అనుకున్న మాటే. "కళ్లకలకండి" అన్నాడు.

సెలక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "కలకతో వచ్చావా? అందరికీ అంటిస్తావు. పక్కకి పో."

జానకిరామయ్య నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఇది కలక కాదండీ, మిరప దుమ్ము, తప్పు నాది, ఒక్క పూట ఆగి రేపు చూడండి అంటే చాలు. మర్నాడు కూడా సెలక్షన్లున్నాయి. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మెమో, ఎంక్వయిరీ, ప్రిన్సిపాలు ముఖం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ మాట మింగేశాడు. కుర్రాడి భుజం మీద చెయ్యేసి బస్టాండుకి నడిపించుకెళ్లాడు. దారిలో సోడా ఇప్పించాడు. ఛీ, ఏం మనిషయ్యా అనిపిస్తుంది మనకి. అతనికీ అలాగే అనిపించింది. మర్నాటికి వాపు చాలావరకు తగ్గింది కూడా.

మాబు పరీక్షలు రాశాడు, తప్పాడు. వెంకయ్య దగ్గర పనికి కుదిరాడు. జానకిరామయ్య ఆ తర్వాత కోర్టు అలికించలేదు. వద్దనే నోరు లేదు గనక ఏటా పరీక్షలై కాలేజీ మూసేశాక వెంకయ్య అక్కడే కాయ పోశాడు. మస్తాన్‌బీ మాత్రం ఏటా కోతలవగానే గుడ్డలో మంచి ఎండుమిరపకాయలు మూటగట్టి తెచ్చేది.

"కలకొచ్చిన పిల్లాణ్ణి కూడా వదలకుండా ఒంగోలు తీసుకెళ్లారు సార్" అనేది. అతను తలొంచుకుని తీసుకునేవాడు. సీతారత్నం ఆ కాయలతో పచ్చడి పడితే తినేవాడు కాదు. ఎందుకో ఆవిడకు చెప్పలేదు.

1989 ఏప్రిల్‌లో కనిగిరికి బదిలీ అయింది. సామాను ముందే లారీలో పోయింది. బస్సు కోసం నిలబడితే మస్తాన్‌బీ వచ్చింది, చేతిలో అదే మూట.

"మాబు రాలేదా?" అన్నాడు.

"కోర్టు మీద కాయ తిప్పుతున్నాడండి."

ఆ మాటతో అతని వల్ల కాలేదు. బంతి, తువ్వాలు, సెలక్టరు, తను నోరు విప్పకపోవడం, అన్నీ చెప్పేశాడు. మస్తాన్‌బీ ముఖంలో ఆశ్చర్యమేమీ కనపడలేదు.

"ఎరుకేనండి. ఇరవయ్యేళ్లుగా కాయ కోస్తన్నా, కలకేదో మిరప మంటేదో నాకు తెలవదా? ఆ ఆదివారం వాడి కంట్లో ఆముదం చుక్కలేసింది నేనే."

"మరి ఏటా ఈ కాయలెందుకు తెచ్చావమ్మా?"

"ఇవి చూసైనా చెప్తారేమోనని."

బస్సు వచ్చింది. మూట అతని చేతిలో పెట్టి ఆమె కోర్టు వైపు నడిచింది.